గాయం లేని రోగులు

రోజూలాంటి రోజే. పని అయ్యాక డాక్టర్ హిదా షుంతారో గురించి చదువుతూ కూర్చున్నాను, మనసు ఇంకా అక్కడే ఉంది.

1945లో ఆయన హిరోషిమాలో సైనిక వైద్యుడు. వయసు 28. ఒక పిల్లాడికి వైద్యం చేయడానికి ఆరు కిలోమీటర్ల దూరంలోని హెసాక గ్రామానికి వెళ్ళడం వల్ల ఆగస్టు 6న అణుబాంబు పడ్డప్పుడు బతికిపోయారు. మొదట వచ్చినవన్నీ కాలిన గాయాలే. కొన్ని రోజులు గడిచాక తీవ్రమైన జ్వరం, చిగుళ్ళలోంచి రక్తం, కుళ్ళిన నోరు, ఒంటి మీద ఊదా మచ్చలు. తల నిమిరితే జుట్టు కుచ్చులుగా ఊడొచ్చేది. రక్తవిరేచనాలు చూసి అంటురోగమేమోనని భయపడ్డారు.

అంత ఆలస్యంగా ఎందుకంటే, రేడియేషన్ చంపేది రక్తాన్ని తయారుచేసే ఎముక మజ్జలోని మూలకణాలను. రక్తంలో అప్పటికే తిరుగుతున్న ప్లేట్‌లెట్లు 8-10 రోజులుంటాయి, ఎర్రకణాలు దాదాపు 120 రోజులు. పాతవి పోతుంటే కొత్తవి రావు. ఈలోగా మనిషి కోలుకున్నట్టే కనిపిస్తాడు. లింఫోసైట్లనే ఒక రకం తెల్లకణాలు మాత్రం తొలి 48 గంటల్లోనే పడిపోతాయి. అందుకే ఇప్పుడు కొన్ని గంటలకోసారి రక్తం తీసి వాటిని లెక్కిస్తారు, వాంతులు ఎప్పుడు మొదలయ్యాయో రాసుకుంటారు. గంటలోపే మొదలైతే మోతాదు ఎక్కువని అర్థం. చికిత్స అందకపోతే సుమారు 4 గ్రేల (ఒంటికి పట్టిన రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం గ్రే) దగ్గర సగంమంది బతకరు.

హిదాను వదలని ప్రశ్న వేరు. బాంబు పడ్డాక అయినవాళ్ళను వెతుక్కుంటూ ఊళ్ళోకి వచ్చినవాళ్ళు, ఒంటి మీద గాయమే లేనివాళ్ళు, అవే మచ్చలతో ఎందుకు పోయారు? బాంబు నుంచి వచ్చిన న్యూట్రాన్లు తగిలిన నేలలో పుట్టే, రేడియేషన్ వెదజల్లే సోడియం-24 అర్ధాయుష్షు (సగానికి తగ్గే సమయం) 15 గంటలే, వారానికి దాదాపు ఏమీ మిగలదు. ఈ లెక్కతోనే చాలామంది జబ్బుకు రేడియేషన్ కారణం కాదని కొట్టిపారేశారు. మరి పీల్చిన ధూళి, మింగిన ధూళి మాటేమిటని ఆయన జీవితాంతం అడిగారు. మోతాదుల వాదం ఇంకా తెగలేదు. కానీ పరీక్షల్లో ఏమీ తేలకపోయినా, లేవలేనంత నీరసమన్న రోగి మాట నమ్మి కేసు రాసుకోవడమే వైద్యమని నేనూ గట్టిగా నమ్ముతాను.

జపాన్ 1957 చట్టం, రెండు వారాల్లోపు బాంబు పేలిన చోటికి సుమారు 2 కిలోమీటర్ల లోపలికి వచ్చినవాళ్ళనూ బాధితులుగా గుర్తించింది. జబ్బుకు కారణం బాంబేనని ఒప్పించడం మాత్రం వేరే పోరాటం. 2003 నుంచి బాధితులు మూకుమ్మడిగా కోర్టుకెక్కారు.

బాధితుల సంఘం నిహోన్ హిదాంక్యోతో కలిసి, అణ్వాయుధాలు వద్దని దేశదేశాలు తిరిగి చెప్పిన హిదా 2017 మార్చిలో నూరేళ్ళ వయసులో పోయారు. అదే జూలైలో ఐక్యరాజ్యసమితిలో అణ్వాయుధాల నిషేధ ఒప్పందం ఆమోదం పొందింది. బాధితులకు వైద్యం అందించాలని దాని 6వ అధికరణం చెబుతుంది. అణ్వాయుధాలున్న దేశమేదీ అందులో చేరలేదు. జపాన్ కూడా చేరలేదు.