మా చెరువు నివేదికలో లేదు

పత్రికలో ప్రకటన మొదట చూసింది మా పెదనాన్న. సున్నపురాయి గనికి పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతున్నట్టు కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన నోటీసు అది. గని హద్దు మా ఊరికి మూడు కిలోమీటర్లు. "చదువుకున్నదానివి, ఇందులో ఏముందో చూసి చెప్పమ్మా" అని కాగితం నా చేతికిచ్చాడు. సభకు ఇంకా 26 రోజులుంది.

అలాంటి సభలంటే అప్పటిదాకా నాకు తెలిసింది షామియానా, పోలీసు బందోబస్తు, మైకు దగ్గర తోపులాట, మర్నాడు పేపర్లో నిరసన వార్త. అక్కడ అన్న మాట తర్వాత ఎక్కడికి పోతుందో ఎన్నడూ ఆలోచించలేదు. ఊళ్లో కుర్రవాళ్లు సభను బహిష్కరిద్దామన్నారు. నాకూ మొదట అదే సబబనిపించింది.

ఇలాంటి అనుమతులకు నిబంధనలు పెట్టిన 2006 సెప్టెంబర్ 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ తెరిచి చదివాక మనసు మారింది. సభకు ఇంతమంది రావాలన్న కోరం లేదు. మేము వెళ్లకపోయినా సభ జరిగినట్టే లెక్క. గొడవ జరిగి సభ నడిచే పరిస్థితి లేకపోతే, మండలి ఆ సంగతి పైకి రాస్తుంది. అప్పుడు సభ అక్కర్లేదని నిర్ణయించే వీలు కూడా నిబంధనలో ఉంది. అంటే మేము ఆయుధం అనుకున్నది మాకే తగిలేది.

ఇంకో సంగతి అంతకన్నా ముఖ్యం. జిల్లా కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని ఆయన ప్రతినిధి గానీ సభకు అధ్యక్షత వహిస్తారు. కానీ అనుమతి ఇచ్చేది వాళ్లు కాదు, మండలీ కాదు. సభ నడపడం, వీడియో తీయించడం, జరిగింది రాసి పంపడం వరకే వాళ్ల పని. సిఫారసు చేసేది నిపుణుల మదింపు కమిటీ. ఆ కమిటీ ముందు మేము ఉండం, మా గొంతులుండవు, మినిట్స్ ఉంటాయి, అంటే సభలో ఎవరేమన్నారో రాసిన కాగితం. మినిట్స్‌లో లేనిదాన్ని వాళ్లు ఎలా పట్టించుకుంటారు? ఈ ఒక్క సంగతి తెలిశాక మా తయారీ అంతా మారిపోయింది.

గని వల్ల పర్యావరణం మీద పడే ప్రభావం గురించి కంపెనీ ఇచ్చే ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, పంచాయతీలో జనానికి అందుబాటులో ఉండాలి. తెలుగులో సారాంశం మాత్రం మా పంచాయతీలో దొరికింది. పూర్తి నివేదిక ఇంగ్లీషులో ఉంది. దాని కోసం ఒక కార్యాలయానికి మూడుసార్లు తిరిగాను. నాలుగోసారి అక్కడే కూర్చుని చదువుకోనిచ్చారు.

గని చుట్టూ 10 కిలోమీటర్ల మేర నేల, నీరు, గాలి ఎలా ఉన్నాయో చెప్పే అధ్యాయం అందులో ఉంది. మా ఊరి చెరువు కోసం వెతికాను. లేదు. పటంలో అది ఉండాల్సిన చోట బంజరు అని రంగు వేశారు. చిన్నప్పటి నుంచి ఈత కొట్టిన నీళ్లు కాగితం మీద లేకపోతే ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. రెండో రోజు కారణం దొరికింది. కొలతలు మార్చి నుంచి మే వరకు తీసుకున్నారు. వానాకాలం కాని ఒక రుతువులో కొలిస్తే చాలని నిబంధన ఒప్పుకుంటుంది. వాళ్లు అబద్ధం రాయలేదు. ఎండిన నెలల్లో వచ్చి ఎండిన నేలను కొలిచి వెళ్లారు. గని కోసం తవ్వబోయే గుట్ట మీద పడ్డ వానే మా చెరువుకు వచ్చే నీరు. అది వేసవిలో కనబడదు.

చెరువు ఉందని రుజువు చేయడం మా వంతైంది. నీటిపారుదల శాఖ నుంచి 180 ఎకరాల ఆయకట్టు వివరాలు తెచ్చాం. మత్స్యకారుల సంఘం వాళ్లు చేపల హక్కుకు కట్టిన రసీదులు ఇచ్చారు. అలుగు పారిన ఏడాది తీసిన ఫోటోలు ఎవరి ఫోన్లో ఉన్నాయో ఇల్లిల్లూ అడిగి, తేదీలతో అచ్చు వేయించాం. ఆయకట్టు కాగితం మా చేతికొచ్చేసరికి సభ రెండు రోజుల్లోకి వచ్చింది. సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్నది నిబంధన. 2020లో కేంద్రం తెచ్చిన కొత్త నోటిఫికేషన్ ముసాయిదాలో ఈ గడువును 20కి తగ్గించే ప్రతిపాదన ఉండేది. ఆ పది రోజుల విలువ మాలాంటి ఊళ్లకు తెలుసు. అవి లేకపోతే మేము ఉత్త చేతులతో వెళ్లేవాళ్లం.

సభలో మాట్లాడే వంతు వచ్చినప్పుడు గొంతు వణికింది. "అయ్యా, నివేదికలో ఈ పేజీలో బంజరు అని చూపిన చోట చెరువు ఉంది. కొలతలు వేసవిలో తీశారు. వానాకాలం తర్వాత గుట్ట నుంచి వచ్చే నీటిని కొలిచే దాకా ఈ అధ్యాయం అసంపూర్ణం" అని రాసుకున్నది చదివి, కాగితాల కట్ట అందించి రసీదు అడిగి తీసుకున్నాను. నా తర్వాత పెదనాన్న మాట్లాడాడు. ఆయన కాగితం చూడలేదు. ఏ ఏడాది నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వరసగా చెప్పుకుంటూ పోయాడు. సభ నిశ్శబ్దంగా విన్నది.

అసలు ఘట్టం ఆ తర్వాతే జరిగింది. జనం లేచి వెళ్లిపోతున్నారు, కుర్చీలు సర్దుతున్నారు. మినిట్స్‌ను స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించాలని, అదే రోజు సంతకం కావాలని నోటిఫికేషన్ చెబుతోంది. అదే మాట మర్యాదగా గుర్తుచేశాం. అధికారి ఆగి చదివించారు. నేను చెప్పినదంతా "చెరువును కాపాడాలని కోరారు" అనే ఒక్క వాక్యమైపోయింది. ఆ వాక్యమే పైకి వెళ్లి ఉంటే, "తగిన చర్యలు తీసుకుంటాం" అని కంపెనీ ఇచ్చే ఒక్క జవాబుతో సరిపోయేది. చెరువు నివేదికలోనే లేదన్న అసలు అభ్యంతరం అక్కడే ముగిసేది. పేజీ సంఖ్య, కొలిచిన నెలలు, మేము అడిగిన అధ్యయనం చేర్చాలని కోరాం. అధ్యక్షత వహించిన అధికారి అడ్డు చెప్పలేదు. మళ్లీ రాయించి, చదివించి, సంతకం చేశారు. రాసిన గుమస్తా చేతిని నేను కళ్లార్పకుండా చూస్తూ నిలబడ్డాను. ఆయన మీద అనుమానంతో కాదు. మా ఊరి మాట సర్కారు కాగితం మీదికి ఎక్కడం నేను చూడడం అదే మొదలు.

తర్వాత కమిటీకి విడిగా ఒక లేఖ పంపాం. ప్రజల అభ్యంతరాలను కమిటీ పరిశీలించి, కారణాలు చూపాలని 2009లో ఢిల్లీ హైకోర్టు ఉత్కర్ష్ మండల్ కేసులో చెప్పింది. గోవా గని మీద వచ్చిన వ్యాజ్యం అది. ఆ తీర్పును ప్రస్తావించి, మినిట్స్ నకలు జతచేశాం.

నెలల తర్వాత కమిటీ సమావేశపు నిర్ణయాలు పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో కనిపించాయి. మా చెరువు పేరు అందులో ఉంది. వానాకాలం తర్వాత నీటి రాకను అధ్యయనం చేసి తిరిగి రమ్మని కంపెనీని ఆదేశించారు. అనుమతి వస్తుందో రాదో ఇంకా తేలలేదు. వస్తే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయడానికి 30 రోజులుంటాయి. అందుకు కావలసిన కాగితాలు ఇప్పటి నుంచే ఒక సంచిలో సర్దుతున్నాను.

ఈసారి కొలవడానికి వచ్చేవాళ్ల కోసం తూము దగ్గరి రాతి స్తంభానికి పెదనాన్న తెల్లరంగుతో గీతలు గీశాడు. బడి పిల్లలు రోజూ సాయంత్రం నీటిమట్టం చూసి నోటుపుస్తకంలో తేదీ వేసి రాస్తున్నారు.