నీట్ ఎండీఎస్ రెండో అటెంప్ట్: లాలాజల గ్రంథిలో రాయి దగ్గర మారిన నా చదువు

డెంటల్ పీజీ సీట్ల కోసం రాసే నీట్ ఎండీఎస్ రిజల్ట్ నిన్న వచ్చింది. ర్యాంక్ చూసి అమ్మ ఏడ్చేసింది, నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. ఎలా చదివావని చాలామంది అడుగుతున్నారు. 240 ప్రశ్నలు, మూడు గంటలు, తప్పుకి ఒక మార్కు కోత, ఇవన్నీ మీకు తెలిసినవే. మొదటిసారి ఎక్కడ దెబ్బ తిన్నానో అదే చెబుతాను.

అప్పట్లో సయలోలిథియాసిస్ (లాలాజల గ్రంథిలో రాయి) అంటే నాకు ఒకే లైను: 80 శాతానికి పైగా సబ్‌మాండిబ్యులర్ గ్రంథిలోనే, అంటే దవడ కింది లాలాజల గ్రంథిలోనే. ఒక గ్రాండ్ టెస్ట్‌లో (పూర్తి నమూనా పరీక్షలో) ఇలా రాయి ఉన్న రోగికి రక్తంలో కాల్షియం ఎలా ఉంటుందని అడిగారు. కాల్షియం రాయి కదా అని 'పెరుగుతుంది' పెట్టాను. తప్పు. చాలామందిలో మామూలుగానే ఉంటుంది. ఇలాంటి తప్పులే పోగుపడి ఆ ఏడాది సీటు పోయింది.

రెండోసారి ఒక సాయంత్రమంతా ఫిజియాలజీ, అనాటమీ, పాథాలజీ మూడూ పక్కపక్కన పెట్టుకుని ఈ ఒక్క టాపిక్ చదివాను. మన లాలాజలంలో కాల్షియం, ఫాస్ఫేట్ ఎప్పుడూ అతిసంతృప్త స్థాయిలోనే, అంటే మామూలుగా కరిగి ఉండగలిగినదానికన్నా ఎక్కువే ఉంటాయి. పంటి ఎనామెల్ కరగకుండా కాపాడేది అదే. మరి రోజూ రాళ్లు ఎందుకు కట్టవు? స్టాథెరిన్, ప్రోలిన్ ఎక్కువున్న ప్రోటీన్లు, సిట్రేట్, పైరోఫాస్ఫేట్ అడ్డుపడతాయి కాబట్టి. ఇది అర్థమైన క్షణం నాకు నిజంగా ఒళ్లు పులకరించింది.

ఇక సబ్‌మాండిబ్యులర్ సంగతి చూడండి. దాని స్రావంలో పరోటిడ్ (చెవి ముందుండే లాలాజల గ్రంథి) కన్నా కాల్షియం ఎక్కువ, క్షారగుణం ఎక్కువ, మ్యూసిన్ అనే జిగురు ప్రోటీన్ వల్ల జిగట. పీహెచ్ (క్షారగుణం) పెరిగేకొద్దీ హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం కరగడం తగ్గుతుంది. పైగా ఈ గ్రంథి నుంచి నోట్లోకి వచ్చే గొట్టం, వార్టన్ డక్ట్, సుమారు 5 సెంటీమీటర్లు, లాలాజలం అందులో పైకి ఎక్కాలి, చివర రంధ్రం సన్నం. స్రావం నిలిచిపోతే మ్యూసిన్, రాలిన కణాలు గుజ్జులా చేరి, వాటి మీద ఖనిజం పొరలు పొరలుగా పేరుకుంటుంది. అన్నం ముందు కూర్చోగానే లాలాజలం ఊరుతుంది, దారిలో రాయి అడ్డు, అందుకే దవడ కింద వాపు; ఇక బట్టీ పట్టక్కర్లేదు. గౌట్‌లో (యూరిక్ యాసిడ్ పెరిగి వచ్చే కీళ్ల జబ్బు) మాత్రం యూరిక్ యాసిడ్ రాయి రావచ్చు, అది గుర్తుంచుకోండి.

ఒక్క టాపిక్‌కి సాయంత్రమంతానా అని ఫ్రెండ్స్ అన్నారు. పగలంతా క్లినిక్‌లో పని చేసి వచ్చి చదివేదాన్ని, టైం విలువ నాకు తెలియక కాదు. రోజుకి వందల ఎంసీక్యూలు చేసి తెల్లారేసరికి మర్చిపోవడం కూడా కష్టపడటమే అనుకుంటే నేను ఒప్పుకోను. ఫోన్ పక్క గదిలో పెట్టి రోజూ అదే టైంకి కూర్చోవాలి. మిగతా సబ్జెక్టులు, రివిజన్లు అందరిలాగే చేశాను.

ఈ రాత్రి పుస్తకంలో 'పళ్ల గార' టాపిక్ తీసి చదవండి. కింది ముందు పళ్ల లోపలి వైపే అది ఎక్కువ ఎందుకు కడుతుందో, వార్టన్ డక్ట్ ఎక్కడ తెరుచుకుంటుందో పక్కపక్కన రాసుకోండి.