చేప ఎదిగేదాకా కిస్తీ ఆగదు

మా కైకలూరు వైపు చెరువు ఉందంటే చాలు, డబ్బున్నోళ్లని అనుకుంటారు. నేను డ్వాక్రా సంఘాల పుస్తకాలు రాస్తాను. ఎకరం, ఎకరన్నర కౌలుకు తీసుకుని చేపలు పెంచే ఇళ్ల సంగతి ఆ పుస్తకాల్లో వేరేగా కనిపిస్తుంది.

శీలావతి, బొచ్చె పిల్ల వేస్తే పట్టుబడికి, అంటే చేప పట్టి అమ్మడానికి, ఎనిమిది, పది నెలలు పడుతుంది. అప్పటిదాకా చెరువు నుంచి రూపాయి రాదు. మేతగా తవుడు, నూనె గింజల చెక్క మాత్రం చిల్లుల సంచుల్లో నింపి రోజూ నీళ్లలో కట్టాల్సిందే. సంఘం అప్పు చాలదు. అప్పుల వసూళ్లని కట్టడి చేస్తూ రాష్ట్రం తెచ్చిన 2010 చట్టం దెబ్బకి వెనక్కి తగ్గిన మైక్రోఫైనాన్సు కంపెనీలు మళ్లీ ఊళ్లలోకి వచ్చాయి, అక్కడ తీసుకుంటారు. నెల తిరక్కుండానే కిస్తీ మొదలు. చేప ఇంకా జానెడు లేదు, మరి కట్టేదెవరు? ఇంట్లో ఆడమనిషి కూలి డబ్బులు. రేషను బియ్యం ఉన్నాయి కాబట్టి అన్నానికి లోటు రాదు. ముందు పాలు మానేస్తారు, తర్వాత గుడ్లు, ఆపైన పప్పు పలచనవుతుంది. "మేత ఆపితే చేప చిక్కిపోద్ది, మనం ఓ పూట ఆగొచ్చులే అమ్మాయ్" అంది మా వీధిలో ఓ పిన్ని. పాలు మాన్పించింది మూడేళ్ల మనవడికి. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

సొంత చెరువులో చేప తినొచ్చుగా అంటారు. పట్టుబడి రోజున ఐసు వేసిన లారీలో అంతా కలకత్తా వైపు పోతుంది. అప్పుమీద మేత ఇచ్చిన వ్యాపారి లెక్క ముందు తేలాలి. ఒకప్పుడు కూరకి ఆదుకున్న పరిగెల్ని, అంటే చెరువులో వాటంతటవే పెరిగే చిన్న చేపల్ని, మేత తినేస్తాయని, పిల్ల వేసే ముందే చంపేస్తున్నారు. బంగ్లాదేశ్‌లో పెద్ద చేపలతో పాటే మోలా అనే చిన్న చేపని పెంచుతున్నారు. తలా ముల్లూ సహా తినే ఆ చేపలో విటమిన్ ఎ బాగా ఉంటుంది. అమ్మకం చేప అమ్మకానికే, కూర చేప ఇంటికే. మన చెరువుల్లోనూ పరిగెల్ని ఇలా ఉండనివ్వొచ్చని నా గట్టి నమ్మకం.

ఇంకోటి. 2022లో రిజర్వు బ్యాంకు తెచ్చిన నిబంధనల ప్రకారం, ఎన్నాళ్లకోసారి కట్టాలన్నది అప్పు తీసుకునేవాళ్ల అవసరాన్ని బట్టి మార్చుకునే వీలుండాలి. అన్ని అప్పుల కిస్తీలూ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం దాటకూడదు. సంతకాలు పెట్టించుకునేవాళ్లు ఈ మాట చెప్పగా నేను వినలేదు. అందుకే సంఘం మీటింగుల్లో నేనే చదివి వినిపిస్తున్నాను. పట్టుబడి ఏ నెలలో వస్తుందో చెప్పండి, పెద్ద కిస్తీ అప్పటికి పెట్టమనండి, ఒప్పుకోకపోతే సంతకం పెట్టకుండా కాగితం నా దగ్గరికి తెండి.