ఈసీజీలో ముందు పీ తరంగాన్ని వెతకండి

ఈసీజీ కాగితం చేతికి రాగానే చాలామంది యంత్రం పైన అచ్చువేసిన వాక్యమే చదువుతారు. మా జూనియర్లకు నేను చెప్పేది ఒకటే: ముందు ఆ వాక్యాన్ని బొటనవేలితో మూసి, గీతలు చూడండి.

ఈమధ్య రాత్రి డ్యూటీలో డెబ్బై దాటిన ఒక పెద్దావిడను తీసుకొచ్చారు. కళ్లు తిరిగి స్నానాల గదిలో పడిపోయారట. నాడి నిమిషానికి 42. యంత్రం 'సైనస్ బ్రాడీకార్డియా' అని తేల్చేసింది. అంటే గుండె నెమ్మదించిందే తప్ప దారిలో అడ్డంకి లేదని. కానీ ప్రతి టీ తరంగమూ (కింది గదులు తేరుకుంటున్నప్పటి గీత) దిగే చోట చిన్న బుడిపె కనిపించింది. తెల్లకాగితం అంచున రెండు పీ తరంగాలను (గుండె పై గదులు స్పందించినప్పటి గీతలు) పెన్సిలుతో గుర్తు పెట్టి చూస్తే, దాదాపు నట్టనడుమ ఆ బుడిపె ఉంది. అది టీలో దాగిన మరో పీ! పై గదుల వేగం 84. అందులో సగమే కిందికి దిగుతోంది. కింది గదుల స్పందనను చూపే క్యూఆర్‌ఎస్ కూడా వెడల్పుగా ఉంది కాబట్టి అడ్డంకి, పై గదుల సంకేతాన్ని కిందికి దాటించే ఏవీ నోడ్‌కు దిగువన ఉండే అవకాశమే ఎక్కువ. అలాంటప్పుడు గుండె వేగం పెంచే మందు అట్రోపిన్‌ను నమ్ముకుని కూర్చోలేం. వెంటనే గుండెను విద్యుత్తుతో నడిపించే పేసింగ్‌కు ఏర్పాట్లు చేశాం.

ఇలా ఒకటి విడిచి ఒకటి బీటు ఆగిపోతున్నప్పుడు ఆ అడ్డంకి వెంకెబాక్ రకమా, మోబిట్జ్ రెండో రకమా అన్నది ఆ ముక్క చూసి చెప్పలేం. పొడవైన స్ట్రిప్ తీయాలి. ఆగిపోయిన బీటుకు ముందున్న, పీ మొదలు నుంచి క్యూఆర్‌ఎస్ మొదలు దాకా వ్యవధి అయిన పీఆర్‌ను, తర్వాత వచ్చిన మొదటి పీఆర్‌తో పోల్చండి. తర్వాతది పొట్టిగా ఉంటే వెంకెబాక్. ఆరోగ్యవంతులైన యువకుల్లో నిద్రలో కూడా కనిపిస్తుంది. రెండూ సమానమైతే మోబిట్జ్ రెండు, అది ప్రమాదకరం. డచ్ వైద్యుడు వెంకెబాక్ 1899లో, ఈసీజీ ఇంకా వాడుకలోకి రాకముందే, నాడి గీతల్లో తన పేరుతో పిలిచే రకాన్ని పట్టుకున్నాడని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

పీఆర్ ఒక పెద్ద గడి, అంటే 0.20 సెకన్లు, దాటి ఒక్క బీటూ పోకపోతే మొదటి డిగ్రీ బ్లాక్ (అడ్డంకి). పీలు, క్యూఆర్‌ఎస్‌లు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా వేటి లెక్కన అవి నడుస్తుంటే పూర్తి బ్లాక్.

పై గదులు క్రమం తప్పి వణికే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో పీ తరంగాలే ఉండవు, లయ అడ్డదిడ్డంగా ఉంటుంది. ఆ రోగి లయ ఉన్నట్టుండి నెమ్మదించి, క్రమబద్ధంగా మారిందంటే సంతోషించకండి. పూర్తి బ్లాక్ కావచ్చు. ఏవీ నోడ్‌ను నెమ్మదింపజేసే మందు డిగాక్సిన్ వాడుతున్నారేమో అడగండి.

పాత ఈసీజీ పక్కన ఉంటే మా పని ఎంతో తేలికవుతుంది. ఆ థర్మల్ కాగితం కొన్నేళ్లకు వెలిసిపోతుంది, లామినేషన్ వేడికి నల్లబడుతుంది. జిరాక్స్ తీయించి దాచండి.