ఇదేనా? ఇంతేనా?

తమ్ముడికీ నాకూ ద స్ట్రోక్స్ అనే రాక్ బ్యాండ్ మీద మొదటి గొడవ ఒక రాత్రి బస్సులో అయింది. ఇయర్‌ఫోన్స్ ఒక్క జతే ఉంది. వాడికో చెవి, నాకో చెవి. వాళ్ల మొదటి ఆల్బమ్ ‘ఈజ్ దిస్ ఇట్’ 11 పాటలూ కలిపి 36 నిమిషాలే కాబట్టి నిద్ర పట్టేలోపు రెండుసార్లు తిరిగింది.

రెండోసారి అయిపోయాక వాడు తన చెవిలోది పీకి నా ఒళ్లో పడేశాడు. "ఏముందక్కా ఇందులో? ఎవడో కూర్చుని టకటకా గీకుతూనే ఉన్నాడు, అంతేగా."

నాకు వినిపించింది అది కాదు. నా చెవిలో గిటార్ పాడుతోంది. ఒక్కో పాటకి ఒక్కో చిన్న ట్యూను, పొద్దున లేచాక కూడా నోట్లో ఆడేంత తేలిగ్గా ఉన్న ట్యూను. "నీకు చెవుడొచ్చిందిరా" అన్నాను. "నీకు ఇంగ్లిష్‌లో ఎవడు మూలిగినా గొప్పే" అన్నాడు. తెల్లారి దిగేదాకా మాటల్లేవు.

అసలు సంగతి చాలా రోజులకు నాకు స్పీకర్ల ముందు కూర్చుంటే తెలిసింది. ఆ బ్యాండ్‌లో ఇద్దరు గిటారిస్టులు. నిక్ వాలెన్సీ ఒకడు, ఆల్బర్ట్ హామండ్ జూనియర్ ఇంకొకడు. గొంతూ డ్రమ్సూ బేసూ మధ్యలో పెట్టి, రెండు గిటార్లనీ చెరో పక్కకి తోసేశారు. చాలా పాటల్లో ఒకడు తీగలు గీకుతూ నడక నిలబెడుతుంటే రెండోవాడు ట్యూను అల్లుతుంటాడు. అంటే ఆ రాత్రి మేమిద్దరం ఒకే ఆల్బమ్ విననే లేదు. వాడికి వచ్చిన సగం వాడు విన్నాడు, నాకొచ్చిన సగం నేను విన్నాను. పైగా వాడు చెప్పింది అక్షరాలా నిజం. వాడి చెవిలో నిజంగానే ఒకడు టకటకా గీకుతూ కూర్చున్నాడు.

అప్పట్నుంచి నాకో అలవాటైంది. ఏ బ్యాండ్ మొదటి ఆల్బమ్ విన్నా, మెచ్చుకున్నవాళ్ల మాటలు పక్కనపెట్టి నచ్చనివాళ్లు ఏమన్నారో ముందు చూస్తాను. తిట్టడం కోసం తిట్టేవాళ్లని వదిలేయండి. పనిగట్టుకుని విని, విసుక్కుని, ఎక్కడ ఒళ్లు మండిందో సరిగ్గా చెప్పేవాళ్లు కొందరుంటారు. వాళ్ల చెవులు కావాలి నాకు. ఈ ఆల్బమ్ విషయంలో వాళ్లు చెప్పినంత బాగా ఇంకెవరూ చెప్పలేదు.

మెచ్చుకున్నవాళ్లేమన్నారు? రాక్ చచ్చిపోయింది, వీళ్లొచ్చి బతికించారు అన్నారు. 2001 జనవరిలో రఫ్ ట్రేడ్ అనే రికార్డ్ కంపెనీ వాళ్లు మూడు పాటల ఈపీ, అంటే ఆల్బమ్ కంటే చిన్న రికార్డు, ఒకటి తెచ్చారు. న్యూయార్క్ కుర్రాళ్లే అయినా ముందు వెర్రెత్తిపోయింది బ్రిటన్. ఆగస్టులో అక్కడ ఆల్బమ్ వచ్చేసరికి ఎన్‌ఎంఈ పత్రిక పదికి పది మార్కులు వేసింది, చార్టులో రెండో స్థానం దాకా వెళ్లింది. సరే. ఇన్ని చదివాక కూడా ఆ పాటలు ఎలా ఉంటాయో ఒక్క ముక్క తెలియదు. బతికించారట. ఎవర్ని, ఎలా?

ఇక నచ్చనివాళ్ల దగ్గరికొస్తే, అందరికంటే ముందు గొంతు. "ఫోన్లో పాడుతున్నట్టుంది" అన్నారు, "పక్క గదిలోంచి వస్తున్నట్టుంది" అన్నారు. ఉంది మరి! జూలియన్ కాసాబ్లాంకాస్ గొంతుని మైకులోంచి నేరుగా తీసుకోకుండా, గిటార్ నేర్చుకునే పిల్లలు ఇంట్లో పెట్టుకునే చిన్న ఆంప్, అదే శబ్దం పెంచే డబ్బా, ఒకటుంటుంది చూడండి, అందులోంచి పంపి రికార్డ్ చేశారు. మరీ చిరిగిపోకుండా, కొత్త వాసనా కొట్టకుండా, తొడిగి తొడిగి మెత్తబడిన జీన్స్ ప్యాంటులా ఉండాలి అని ప్రొడ్యూసర్ గోర్డన్ రఫాయెల్‌తో చెప్పుకున్నారట. ముందు గిల్ నార్టన్ అనే పేరున్న ప్రొడ్యూసర్ దగ్గర కొన్ని పాటలు చేసి, మరీ శుభ్రంగా వచ్చాయని పక్కన పడేసి, ఈపీ చేసిన రఫాయెల్ దగ్గరికే, ఈస్ట్ విలేజ్‌లో నేలమాళిగలో ఉన్న ఆయన స్టూడియోకే తిరిగొచ్చారు. అంటే "గొంతు పాడుచేశారు" అన్నవాడు సరిగ్గానే పట్టాడు. పాడుచేశారు, కావాలనే చేశారు.

డ్రమ్స్ కూడా అంతే. "వాయించింది మనిషా, మిషనా" అని విసుక్కున్నారు చాలామంది. వాయించింది ఫాబ్రిజియో మొరెట్టి, నిఖార్సయిన మనిషి. కానీ ‘హార్డ్ టు ఎక్స్‌ప్లెయిన్’ లాంటి పాటలో ఆ శబ్దాన్ని నొక్కి నొక్కి డ్రమ్ మిషన్‌లా తయారుచేశారు. మనిషి చేత మిషన్‌లా వాయించడం ఏం సరదా అంటే, ఆ పాట మధ్యలో ఒక చోటుంది. పరుగెత్తుతున్న పాట ఉన్నట్టుండి టక్కున ఆగుతుంది. గిటార్ లేదు, గొంతు లేదు, ఏమీ లేదు. మొదటిసారి విన్నప్పుడు బ్యాటరీ అయిపోయిందనుకుని నేను ప్లేయర్ బ్యాగులోంచి బయటికి లాగాను. లాగేలోపే ఏమీ జరగనట్టు మళ్లీ అదే వేగంతో మొదలైంది. మామూలుగా మనిషి వాయించే డ్రమ్స్ అయితే ఆగేముందు కొంచెం తడబడతాయి, ఆగబోతున్నామని ఒక సైగ ఇస్తాయి. ఇక్కడ స్విచ్ తీసి వేసినట్టే. ఆ ఒక్క క్షణం కోసం ఆ తిట్లన్నీ పడొచ్చు అనిపిస్తుంది నాకు.

‘లాస్ట్ నైట్’ పాట మొదలు అమెరికన్ రాక్ గాయకుడు టామ్ పెటీ పాత పాట ‘అమెరికన్ గర్ల్’ నుంచి ఎత్తేశారని ఇంకో ఫిర్యాదు. పక్కపక్కన పెట్టి వినండి, కాదనడానికి నోరు రాదు. బ్యాండ్ వాళ్లూ కాదనలేదు. వాళ్లు ఒప్పుకోవడం విని తనకు నవ్వొచ్చిందని పెటీ 2006లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. అదే ఏడాది తన కచేరీల ముందు వీళ్ల చేత వాయించుకున్నాడు కూడా. సొంతదారుకి లేని కోపం మనకెందుకులెండి.

డబ్బున్నవాళ్ల పిల్లలు అనే మాట మీద మాత్రం నేనింకా ఎటూ తేల్చుకోలేదు. కాసాబ్లాంకాస్ తండ్రి ఎలీట్ అనే మోడలింగ్ ఏజెన్సీ పెట్టినాయన. కాసాబ్లాంకాస్‌కి హామండ్ పరిచయమైంది స్విట్జర్లాండ్‌లోని ఒక ఖరీదైన బోర్డింగ్ స్కూల్లో. "వీళ్లకి చిరిగిన జాకెట్టు వేషం ఎందుకు" అని అడిగినవాళ్లని నేను తప్పుపట్టను. కాకపోతే ఇది చెవికి అందే ఫిర్యాదు కాదు. లేక అందుతుందేమో కూడా. మొదటి పాటలో నికొలాయ్ ఫ్రెయ్‌చర్ బేస్ గిటార్ పైకీ కిందికీ హాయిగా తిరుగుతూ ఉంటుంది, అసలు పాట అదే పాడుతున్నట్టు. దాని మీద ఆ గొంతు ఎవరికో మొహమాటానికి జవాబిస్తున్నట్టు వెనక్కి వాలి పడుకుని ఉంటుంది. రేపు పొద్దున లేచి ఎక్కడికీ పరుగెత్తక్కర్లేని మనిషి బద్ధకం అది. నాకది ఇష్టం. ఒళ్లుమండేవాళ్లకి ఎందుకు మండుతుందో కూడా తెలుసు.

ఆ పేరు చూడండి. ‘ఈజ్ దిస్ ఇట్’, చివర ప్రశ్నార్థకం కూడా లేదు. ఎదురుచూసి ఎదురుచూసి డబ్బా విప్పినవాడు "ఇదేనా!" అంటే ఒక అర్థం, అయిపోయాక చేతులు దులుపుకుని "ఇంతేనా?" అంటే ఇంకో అర్థం. ఇంగ్లిష్‌లో రెంటికీ అదే మాట. తెలుగులో పెట్టుంటే ఏదో ఒకటి ఎంచుకోక తప్పేది కాదు.

తమాషా ఏమిటంటే, తొమ్మిదో పాట గురించి కొట్టుకునేవాళ్లు ఒక్కోసారి వేర్వేరు పాటల గురించి కొట్టుకుంటుంటారు. అమెరికాలో సీడీ 2001 సెప్టెంబర్ 25న రావాలి. ఈలోగా 11న న్యూయార్క్ మీద ఉగ్రవాద దాడులు జరిగాయి. ఆల్బమ్‌లో న్యూయార్క్ పోలీసుల్ని వెక్కిరించే పాట ఒకటుంది. ఆ రోజుల్లో ఆ ఊళ్లో ఆ పాట ఎలా వేస్తారు? తీసేసి ‘వెన్ ఇట్ స్టార్టెడ్’ అనే పాట పెట్టి అక్టోబర్ 9న విడుదల చేశారు. మిగతా దేశాల్లో పాత పాటే ఉండిపోయింది. అట్ట కూడా అంతే. బ్రిటన్‌లో వచ్చినదాని మీద నల్ల గ్లవ్ తొడిగిన చెయ్యి, ఒంటి మీద బట్టల్లేని నడుం కింది భాగం. అమెరికాలో దాని బదులు అణుకణాలు గీసిన రంగురంగుల గీతలు. నా దగ్గరుంది గీతలది. మా వాడు తర్వాతెప్పుడో సంపాదించింది గ్లవ్‌ది. "రెండో సగంలో ఆ ఒక్క పాటే ప్రాణమున్నది" అని వాడంటే, నేను ఇంకేదో పాట మనసులో పెట్టుకుని "అబ్బే, అదే అన్నిటికంటే నీరసం" అని కొన్నేళ్లు వాదించాను. మళ్లీ సగం సగమే.

ఇలా మొదటి ఆల్బమ్ మీద జనం రెండుగా చీలడం ఈ బ్యాండ్‌తో మొదలవలేదు, వీళ్లతో ఆగనూ లేదు. ఆర్కిటిక్ మంకీస్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ 2006లో బ్రిటన్‌లో మొదటి వారంలోనే 3 లక్షల 60 వేలకు పైగా అమ్ముడుపోయింది. అంత గెలుపులోనూ డెమోలు, అంటే ఆల్బమ్‌కి ముందు చేసిన నమూనా రికార్డింగులు, ముందే సంపాదించి విన్నవాళ్లు కొందరు "పాత రికార్డింగులే బాగున్నాయి" అని మూతి ముడుచుకున్నారు.

నాకు బాగా కోపమొచ్చింది మాత్రం బ్లాక్ కిడ్స్ అనే ఫ్లోరిడా బ్యాండ్ విషయంలో. 2007లో వాళ్లు నాలుగు పాటల ఈపీ తెస్తే పిచ్‌ఫర్క్ అనే సంగీత సమీక్షల వెబ్‌సైట్ పదికి 8.4 ఇచ్చి నెత్తిన పెట్టుకుంది. ఆ నాలుగు పాటలూ మళ్లీ రికార్డ్ చేసి, ఇంకొన్ని కలిపి 2008లో మొదటి ఆల్బమ్ తెచ్చారు. ఈసారి 3.3. సరే, మార్కులు వాళ్లిష్టం. కానీ రివ్యూ అని పెట్టిందేమిటి? రెండు పగ్ కుక్కపిల్లల ఫొటో, దాని మీద "సారీ" అని ఒక్క మాట. రికార్డింగ్ పాడైందా, కొత్త పాటలు తేలిపోయాయా, లేక పోయినేడాది తామే ఎక్కువ పొగిడామని సిగ్గుపడ్డారా? ఏదో ఒకటి చెప్పాలి కదా! పొగడ్తలో ఏమీ చెప్పకపోతే పోనీలే అనుకోవచ్చు. తిట్టేటప్పుడు కూడా ఏమీ చెప్పకపోతే ఎలా? మా తమ్ముడు నయం, "టకటకా గీకుతున్నాడు" అన్నాడు. ఆ మాటలో కనీసం ఒక గిటార్ ఉంది.

స్ట్రోక్స్ మీద నేను ఇప్పటికీ జవాబు చెప్పలేని ఫిర్యాదు ఒక్కటే: అన్నీ ఒకేలా ఉంటాయి అని. విడివిడిగా ఏ పాట పెట్టినా నేను నిలబడి వాదిస్తాను. వరసగా విన్నప్పుడు మాత్రం ఎనిమిదో పాట దాటాక నాకూ ధ్యాస జారుతుంది. పదోదీ పదకొండోదీ ఎప్పుడు మారాయో చాలాసార్లు గమనించను. 2003లో మళ్లీ రఫాయెల్‌తోనే రెండో ఆల్బమ్ చేసినప్పుడు "మళ్లీ అదేనా" అన్నారు. మొదటిదానిలో ఆ సంగతి పట్టుకున్నవాళ్లు రెండేళ్ల ముందే చెప్పారుగా. 36 నిమిషాలకు ఆపేశారు కాబట్టి బతికిపోయారు. ఇంకో రెండు పాటలుంటే నేను మా వాడి పార్టీలో చేరేదాన్నేమో.

పోయిన నెల వాడు నాలుగు రోజులు ఉందామని వచ్చాడు. రాత్రి పిల్లలు పడుకున్నాక స్పీకర్ పెట్టే వీలు లేదు. జేబులోంచి వైర్లెస్ ఇయర్‌బడ్స్ డబ్బా తీసి "ఏదీ, నీ స్ట్రోక్స్ పెట్టు" అన్నాడు. మళ్లీ వాడికో చెవి, నాకో చెవి. అప్పుడు బస్సులో ఎవరిది ఏ పక్కో ఇద్దరికీ గుర్తులేదు. వాడు తనకి అందింది పెట్టేసుకున్నాడు, మిగిలింది నేను తీసుకున్నాను.

మొదటి పాట బాగానే ఉంది. రెండోదీ పర్లేదు. ఐదో పాటకొచ్చేసరికి చెవిలో ఎవడో ఒకటే గీకుడు, ఆపడు, మార్చడు. నాకు బాగా తెలిసిన ట్యూను ఎక్కడో గోడ అవతల్నుంచి వస్తున్నట్టు లీలగా వినిపిస్తోంది. పక్కకి చూస్తే వాడు కళ్లు మూసుకుని వేళ్లతో మోకాలి మీద తాళం వేస్తున్నాడు.

"ఒరేయ్, మార్చుకుందాం" అన్నాను.

"ఆగక్కా, బాగుంది" అన్నాడు. ఆల్బమ్ అయిపోయేదాకా ఇవ్వలేదు.