యాభై వేలు, ద్వారకానగర్, నా మొదటి గేమింగ్ పీసీ

2023 మే నెల. విశాఖ ఆటోనగర్‌లో ఉద్యోగంలో చేరి ఏడు నెలలైంది, చేతిలో యాభై వేలు ఉన్నాయి. ఇంట్లో తెలియకుండా దాచిన డబ్బేం కాదు, చెప్పే దాచా, కాకపోతే సెకండ్ హ్యాండ్ బండికని చెప్పి దాచా. మాది గాజువాక, ఆఫీసుకి నడిచి వెళ్ళిపోవచ్చు, బండి లేకపోతే వచ్చే నష్టమేం లేదని నాకు నేనే సర్దిచెప్పుకుని పీసీ మీద పడ్డా.

మొదట డాబాగార్డెన్స్ వైపు ఒక షాపుకి వెళ్ళి గేమింగ్ పీసీ కావాలండి, బడ్జెట్ యాభై అని నోరు జారా. ఆయన నవ్వి "యాభై ఎందుకు బాబూ, ముప్పై రెండుకే ఐ7 ఇచ్చేస్తా, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్ కార్డు, చుట్టూ లైట్ల ఫ్యాన్లు" అని కాగితం మీద రాసిచ్చాడు. నిజం చెప్తున్నా, ఆ క్షణంలో జేబులో డబ్బులుంటే ఇచ్చేసి వచ్చేసేవాడిని. ఇంటికొచ్చి కాగితం మీద నంబర్లు ఒక్కోటీ వెతికితే ప్రాసెసర్ ఇంటెల్ ఐ7 3770, 2012 నాటిది. కార్డేమో జీటీ 730, 2014ది, 4 జీబీ అని పేరే గానీ అంత మెమరీ వాడుకునే సత్తువ ఆ కార్డుకి లేదు. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే లెక్క, ఇది మూడోది. మనూళ్ళో ఐ7 అన్న మాటకి ఎంత విలువంటే, వెనక నాలుగంకెలు ఏంటో ఎవరూ అడగరు. తర్వాత నేను కొన్నది ఐ3 12100ఎఫ్. దాంట్లో కూడా కోర్లు (పని చేసే బుర్రలు) నాలుగే, థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు) ఎనిమిదే, అచ్చం ఆ ఐ7 లాగే, కానీ రెంటికీ మధ్య పదేళ్ళుంది, పక్కపక్కన పెడితే ఐ3 దాన్ని ఉతికి ఆరేస్తుంది.

ఆ దెబ్బకి కొంచెం కుదురుగా ఆలోచించడం మొదలెట్టా. కంచరపాలెంలో మా బావ ఉన్నాడు, వాడు అప్పటికే ఒకటి కట్టుకున్నాడు. వాడు ఒకే మాట అడిగాడు, ఏ స్క్రీన్ మీద ఆడతావురా అని. నేనేమో ప్రాసెసర్ నుంచి మొదలెట్టా, వాడు చివర్నుంచి రమ్మన్నాడు. స్క్రీన్ ఏదో తెలిస్తే ఏ కార్డు కావాలో తెలుస్తుంది, కార్డు తెలిస్తే దానికి ఎంత ప్రాసెసర్ చాలో తెలుస్తుంది, మిగిలింది మిగతా సామానుకి. మానిటర్‌కి నా దగ్గర డబ్బుల్లేవు కాబట్టి హాల్లో 32 అంగుళాల టీవీ ఉందిగా, 60 హెర్ట్జ్ ఉంటుంది, అంటే సెకనుకి అరవై బొమ్మలు, 1080పీలో (1920 బై 1080 చుక్కలు) సెకనుకి అరవై ఫ్రేములు వస్తే చాలు అని లెక్కేసుకున్నా. ఈ లెక్కలో ఒక తప్పుంది, చివర్లో చెప్తా.

కార్డు దగ్గరే నాకు రెండు వారాలు పట్టింది. షాపుల్లో అందరూ జీటీఎక్స్ 1650 చేతిలో పెట్టేసేవాళ్ళు, అప్పట్లో పదమూడు, పద్నాలుగు వేలు, 4 జీబీ. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అని ఇంకోటి ఉంది, అదీ 4 జీబీయే, పైగా దానికి బోర్డుతో మాట్లాడే దారులు, అంటే పీసీఐ లేన్లు, నాలుగే ఇచ్చారు, పాత మదర్‌బోర్డులో పెడితే ఇంకా నీరసపడుతుంది. ఇవి కాకుండా సెకండ్ హ్యాండ్. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ (గ్రాఫిక్ కార్డులతో లెక్కలు చేసి నాణేలు సంపాదించడం) అవసరం లేని పద్ధతికి మారిపోయాక, మైనింగ్‌లో రాత్రీ పగలూ తిరిగిన కార్డులన్నీ అమ్మకానికి వచ్చిపడ్డాయి కదా, ఆర్‌ఎక్స్ 580 ఒకటి ఆరు వేలకి ఉందంటే లాసన్స్ బే కాలనీ దాకా వెళ్ళా. ఆ ఇంటి డాబా మీద నుంచి సముద్రం కనిపిస్తోంది, అక్కడే నాకు అనుమానం రావాల్సింది. కార్డు తిప్పి చూస్తే వెనక రేకు, స్క్రూలు అన్నీ తుప్పు, హీట్‌సింక్ రెక్కల మధ్య తెల్లగా ఏదో పొడి పేరుకుపోయి ఉంది. బీచ్ పక్కన కొన్నేళ్ళు ఉంటే ఇంటి గ్రిల్సే నిలవవు, ఇదెంత. సరే అయినా ఆన్ చేసి చూపించమన్నా, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో షేడర్లు (బొమ్మ లెక్కలు చేసే చిన్న యూనిట్లు) 2048 అని వచ్చింది. అసలు 580కి 2304 ఉండాలి. 2048 ఉన్నది అదే పేరుతో అమ్మే తక్కువ రకం. అమ్మేవాడికి కూడా తెలియదు పాపం, మొహం చూస్తే అర్థమైపోయింది. థ్యాంక్స్ చెప్పి వచ్చేశా.

ఇక మిగిలింది ఆర్‌ఎక్స్ 6600. 8 జీబీ, కార్డు మొత్తానికి 132 వాట్లు, ఒక్క 8 పిన్ వైరు చాలు. ఇరవై వేల ఎనిమిది వందలు. 1650 కంటే ఏడు వేలు ఎక్కువ, కానీ పని దాదాపు రెట్టింపు చేస్తుంది. నా బడ్జెట్‌లో నలభై శాతం పైనే ఒక్క కార్డుకి పోతోందంటే చెయ్యి వణికింది గానీ, గేమింగ్‌కి కొంటూ కార్డు దగ్గర పీనాసితనం చేస్తే మిగతాదంతా ఆఫీసు పీసీయే కదా.

ప్రాసెసర్ దగ్గర బావకీ నాకూ గొడవే అయింది. వాడు రైజెన్ 5 5600 తీసుకో, ఆరు కోర్లు, 32 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలి మెమరీ), తర్వాత అదే బోర్డులో ఇంకా గట్టిదైన 5800ఎక్స్3డీ పెట్టుకోవచ్చు అంటాడు. వాడి మాట తప్పు కాదు. కానీ నేను అనుకున్న ఐ3 12100ఎఫ్‌తో పోలిస్తే, బోర్డుతో కలిపి చూస్తే నాలుగు వేలకి పైన తేడా వస్తోంది, ఆ నాలుగు వేలు ఎక్కడ కోయాలి అంటే ఎస్‌ఎంపీఎస్‌లో, అంటే పీసీకి కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బాలో, కోసెయ్ అన్నాడు. అక్కడ మాత్రం నేను ఒప్పుకోలేదు.

ఎందుకంటే అప్పటికే ద్వారకానగర్‌లో ఇంకో షాపు చూశా, క్యాబినెట్ కొంటే ఎస్‌ఎంపీఎస్ ఫ్రీ అన్నారు, దాని మీద 500 వాట్స్ అని పెద్దక్షరాలతో ఉంది. చేత్తో పట్టుకుంటే టిఫిన్ డబ్బా అంత బరువు కూడా లేదు. గ్రాఫిక్ కార్డుకి ఇచ్చే వైరే లేదు దానికి, అడిగితే కన్వర్టర్ వేసిస్తాం అన్నారు. మా గాజువాకలో వేసవిలో కరెంటు పోయి వచ్చేటప్పుడు ట్యూబ్‌లైటు ఎలా మిణుకుమిణుకుమంటుందో నాకు తెలుసు, అలాంటి చోట ఆ డబ్బా మీద ఇరవై వేల కార్డు ఆధారపడాలా? చెడిపోతే అదొక్కటే చెడిపోదు, బోర్డునీ తీసుకుపోవచ్చు. నా ప్రాసెసర్, కార్డు ఎంత తిన్నా మూడొందల వాట్లు దాటవు, కాబట్టి నిజానికి మంచి కంపెనీది 450 అయినా చాలు, నేను కరెంటు వృథా తక్కువని చెప్పే బ్రాంజ్ సర్టిఫికెట్ ఉన్న 550 తీసుకున్నా, నాలుగు వేల వంద. 12100ఎఫ్ ఎనిమిది వేల రెండొందలు, హెచ్610 బోర్డు ఆరు వేల మూడొందలు, అదే బోర్డులో రేపు ఆరు కోర్ల 12400ఎఫ్ పెట్టుకోవచ్చులే అనుకున్నా.

మిగతావి పెద్దగా ఆలోచించలేదు. 8 జీబీ ర్యామ్‌లు రెండు (16 జీబీ ఒకే కర్ర తీసుకుంటే డ్యూయల్ చానల్, అంటే రెండు దారుల్లో డేటా నడిచే వీలు, పోతుంది), 500 జీబీ ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ, ముందు జాలీ ఉన్న క్యాబినెట్. ముందు గాజు ఉన్నది అందంగానే ఉంటుంది గానీ మన ఉక్కపోతకి లోపలికి గాలి పోవాలి కదా. కీబోర్డు, మౌస్ కలిపి మొత్తం నలభై తొమ్మిది వేల వంద. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోతే ఇంకో పదిహేను వందలు తగ్గేదేమో, కానీ రానూపోనూ టికెట్లు, తర్వాత ఏదైనా పాడైతే మళ్ళీ అంత దూరం. ద్వారకానగర్‌లోనే ఒకాయన ఆన్‌లైన్ రేటుకి అటూఇటూగా జీఎస్టీ బిల్లుతో ఇచ్చాడు. బిల్లు లేకుండా అయితే ఇంకా తగ్గిస్తా అన్నవాళ్ళూ ఉన్నారు, ఆ బిల్లే రేపు వారంటీకి దిక్కు అని నేను ఒప్పుకోలేదు.

ఆదివారం హాల్లో దుప్పటి పరిచి బిగించడం మొదలెట్టా. మూడు గంటలు పట్టింది, అందులో గంట పవర్ బటన్ వైర్లకే, చీమ తలకాయంత పిన్నులు. ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, టీవీ మీద నో సిగ్నల్. ర్యామ్ తీసి పెట్టా, మళ్ళీ తీసి పెట్టా, చెమటలు. బావకి వీడియో కాల్ చేస్తే రెండు సెకన్లు చూసి "ఒరే, హెచ్‌డీఎమ్‌ఐ ఎక్కడ గుచ్చావురా" అన్నాడు. బోర్డుకున్న దాంట్లో గుచ్చా. 12100ఎఫ్‌లో ఆ ఎఫ్ అంటేనే లోపల గ్రాఫిక్స్ లేవని అర్థం, వెయ్యి రూపాయలు తగ్గుతుందని ఏరికోరి తెచ్చుకున్నది నేనే. కార్డుకి మార్చగానే బొమ్మ వచ్చింది. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల పేజీ) ర్యామ్ వేగం 2400 అని చూపిస్తుంటే, దాన్ని అసలు వేగానికి తెచ్చే ఎక్స్‌ఎమ్‌పీ అనే సెట్టింగు ఆన్ చేసి 3200కి తెచ్చా. రెండోరోజు సాయంత్రం కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి మారగానే పీసీ రీస్టార్ట్ అయింది. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది, అటు నొక్కితే మారే టైము తగ్గుతుంది, మాది నొక్కాక ఆ గోల పోయింది.

ఇప్పుడు ఆ తప్పు సంగతి. అంతా బాగానే నడుస్తోంది గానీ అక్షరాలు మసకమసకగా, కళ్ళు నొప్పి పుట్టేలా ఉన్నాయి. కేబుల్ మార్చా, డ్రైవర్ మళ్ళీ వేశా, టీవీ సెట్టింగుల్లో షార్ప్‌నెస్ అటూఇటూ తిప్పా. చివరికి విసుగొచ్చి టీవీ వెనక టార్చ్ వేసి చూస్తే స్టిక్కర్ మీద హెచ్‌డీ రెడీ, 1366 బై 768. అంటే నా కార్డు కష్టపడి 1080పీ బొమ్మ పంపిస్తుంటే టీవీ దాన్ని నలిపి తన సైజుకి కుదించి చూపిస్తోంది. స్క్రీన్ నుంచి మొదలెట్టి లెక్కేశానని బావ దగ్గర ఎంత గొప్పలు పోయానో, ఆ స్క్రీన్‌నే చూడలేదు.

మానిటర్‌కి జీతం వచ్చేదాకా ఆగాలి. ఈలోపు బండి డబ్బుల సంగతి కూడా చెప్పక తప్పలేదు. నాన్న పెద్దగా తిట్టలేదు గానీ టీవీ సంగతి విని మాత్రం తెగ నవ్వారు. "నన్నడిగితే చెప్పేవాణ్ణి కదరా. కొన్నప్పుడు ఫుల్ హెచ్‌డీ మూడు వేలు ఎక్కువన్నాడు, మీ అమ్మ సీరియల్‌కి అంతెందుకులే అని ఇది తెచ్చా."