మొగ్గల మధ్య పది రోజులు

జపాన్ వీసాకి మిగతా కాగితాలన్నీ ఒక ఎత్తు, రోజువారీ ప్రణాళిక ఒక్కటీ ఒక ఎత్తు. ఏ తారీఖున ఏ ఊళ్లో ఉంటాం, ఏం చూస్తాం, రాత్రికి ఎక్కడ బస, అన్నీ వరసగా రాసివ్వాలి. 2024 జనవరిలో హైదరాబాద్‌లో కూర్చుని ఆ పట్టిక నింపింది నేనే. అంతకు ముందు ఏడాది టోక్యోలో చెర్రీ పూత మార్చి 14నే మొదలై, 22కల్లా నిండుగా విరిసింది. ఆ లెక్క పట్టుకుని టికెట్లు తీసేశా. 'మార్చి 23, టోక్యో, ఉఎనో పార్కు, చెర్రీ పూలు' అని కూడా రాసేశా.

తీరా వెళ్తే ఆ ఏడు మార్చిలో చలి వదల్లేదు. ఉఎనోలో దారి పొడవునా లాంతర్లు కట్టేసి ఉన్నాయి, జనం ఉన్నారు, చెట్ల నిండా మాత్రం మొగ్గలే. అమ్మ ఒక కొమ్మ కింద నిలబడి తలెత్తి చూసి, "ఆకైనా లేదే దీనికి!" అంది.

పూల సంగతి అలా ఉంచితే, అసలు టెన్షన్ తిండి దగ్గర. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. మాంసం వద్దు, కూరగాయలే కావాలి అంటే పాపం వాళ్లు కూరగాయలే పెడతారు. కానీ వాటిని ఉడికించేది ఎక్కువగా దాషిలో. ఎండబెట్టిన చేప తురుము వేసి కాచిన నీళ్లవి. మన వంటలో పోపు ఎంతో వాళ్లకి అదంత, దాన్ని చేప కింద లెక్కే వేయరు. మొదటి రాత్రి అమ్మ ఉడాన్ (లావుపాటి గోధుమ నూడుల్స్) గిన్నెలో సగం చారు తాగి "బాగుందే" అన్నాక నాకు అనుమానమొచ్చి ఫోన్లో వెతికా. ఆవిడకి చెప్పలేదు. ఇది చదవదనే ధైర్యంతో రాస్తున్నా.

మర్నాటి నుంచి మమ్మల్ని ఆదుకున్నది వీధి చివర చిన్న కొట్లలో దొరికే ఒనిగిరి, అంటే మూడు మూలల అన్నం ముద్ద. దాని కవరు విప్పడమే ఒక విద్య. ఒకటో నంబరు దగ్గర కొస పట్టుకుని కిందికి లాగితే నిలువునా చీలుతుంది. తర్వాత రెండు, మూడు అని ఉన్న మూలల్ని చెరో పక్కకి లాగాలి. అప్పుడు లోపలి నాచు రేకు కరకరలాడుతూ అన్నానికి చుట్టుకుంటుంది. తొందరపడి ఎలా పడితే అలా చింపితే రేకు సగం కవరులోనే ఉండిపోతుంది, నాకు మూడుసార్లు అలాగే అయింది. అమ్మ మొదటిసారే సరిగ్గా తీసింది. లోపల ఉమెబొషి ఉన్నది ఏరుకునేవాళ్లం. ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన పండు అది, మన ఊరగాయలో కారం వేయడం మర్చిపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అందులోనూ కొన్నిటికి చేప కలుపుతారు కాబట్టి, ప్రతి కవరు మీదా ఫోన్ కెమెరా పెట్టి అనువాదం చూసుకోవాల్సిందే.

మేం ఎక్కాల్సిన షింకన్‌సెన్, అంటే బుల్లెట్ రైలు, టోక్యో నుంచి క్యోటోకి ఒక్కటే, మనిషికి 14,000 యెన్ల చిల్లర. ఏడు రోజుల రైల్వే పాస్ 2023 అక్టోబరు నుంచి 50,000 యెన్లు అయింది, దాని జోలికి పోలేదు. ఫూజీ పర్వతం కనబడుతుందని కుడివైపు సీట్లు ఏరికోరి తీసుకున్నాం. ఆ రోజు వాన.

29న క్యోటో హోటల్లో టీవీ పెడితే టోక్యోలోని యసుకుని మందిరం చూపిస్తున్నారు. ఆ ఆవరణలో వాతావరణ శాఖ గుర్తుపెట్టుకున్న చెట్టొకటి ఉంది. దాని మీద ఐదారు పూలు విచ్చుకుంటే టోక్యోలో పూత మొదలైనట్టు. ఉద్యోగి ఒకాయన వేలు చూపిస్తూ లెక్కపెట్టి ప్రకటించగానే చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. మేం టోక్యో వదిలి మూడు రోజులైంది.

ఆ చిరాకులోనే సంజూసంగెన్‌దోకి వెళ్లాం. పొడవాటి చెక్క మందిరం, లోపల బౌద్ధుల కరుణా దేవత కన్నోన్ విగ్రహాలు 1,001. ఫోటోలు తీయనివ్వరు, అదీ మంచిదే అయింది. ముందు వరసలో నిలబడ్డ 28 మంది కాపలా దేవతల్లో ఒకడికి పక్షి ముక్కు, వీపున రెక్కలు, చేతుల్లో వేణువు. పక్కన కరురా అని ఉంది. అమ్మ నా చెయ్యి పట్టి లాగి, "గరుత్మంతుడి చేతికి పిల్లనగ్రోవి ఎవరిచ్చారే?" అంది. అక్కణ్ణుంచి కదలడానికి పావుగంట పట్టింది. పట్టికలో ఆ మందిరానికి నేనిచ్చింది మొత్తం అరగంట.

చివరి రోజు క్యోటో పాత రాజప్రాసాదం పార్కులో, ఉత్తరపు కొసన, కొమ్మలు నేలకి వేలాడే చెర్రీ చెట్లు దొరికాయి. ఆ రకం ముందే పూస్తుందట. పట్టికలో లేదు, హోటల్ రిసెప్షన్లో అమ్మాయి మ్యాపు మీద సున్నా చుట్టి పంపింది. లేత గులాబీ కొమ్మ ఒకటి అమ్మ భుజం మీదికి వచ్చి వాలింది. ఫోటోలో అమ్మ కళ్లు మూసుకుని ఉంది, రెండోది తీయబోతే ఎవరో అడ్డొచ్చారు.

ఏప్రిల్ 4న టోక్యోలో పూలు నిండుగా విరిశాయని వార్త. అప్పటికి ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. ఫోన్లో చూపిస్తే "ఆహా" అని, అమ్మ ఫ్రిజ్‌లోంచి ఉమెబొషి డబ్బా తీసి, పెరుగన్నంలో ఒకటి నంజుకుంది.